చుక్కకో గుంట: కోలారు టమాటా లెక్క కోసం ఉపగ్రహం దాకా వెళ్లిన పని

బెంగళూరు ఇందిరానగర్‌లో మూడో అంతస్తు ఆఫీసు. తెర మీద కోలారు జిల్లా అంతా ఎర్రెర్రగా మెరుస్తోంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిలో పచ్చని ఆకు ఎలా మెరుస్తుందో, ఆ మెరుపును ఎరుపు రంగులో ఎందుకు చూపిస్తారో ఉపగ్రహ డేటా కంపెనీ కుర్రాడు చక్కగానే చెప్తున్నాడు. నా పక్కన కూర్చున్నాయన ఒక టమాటా పేస్టు ఫ్యాక్టరీలో కొనుగోళ్ల మేనేజరు. మదనపల్లె దగ్గర పల్లెటూరు ఆయనది. ఇరవై నిమిషాలు ఓపిగ్గా చూసి, నా చెవి దగ్గరికి వంగి, "ఇందులో టమాటా యాడుందప్పా?" అన్నాడు.

అదే ప్రశ్న నేను పైకి అడిగాను. "మోడల్ ట్రెయిన్ చేస్తే వస్తుంది సార్" అని జవాబొచ్చింది. మేనేజరన్న టీ తాగేసి గ్లాసు కింద పెట్టి, "సరే, ఫోన్ చేస్తాం" అన్నాడు. బెంగళూరు మీటింగుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు.

అది 2024 జనవరి చివర. ఆ తర్వాత ఆ రెండు కంపెనీల మధ్య పని ఎలా మొదలైంది, ఎక్కడ తప్పింది, ఎక్కడ నిలబడింది అన్నదే ఈ కేసు. పేర్లు రాయకూడదని ఒప్పందం కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. నేను ఉపగ్రహాలు కట్టను, టమాటాలు కొనను. ఈ రెండు రకాల మనుషుల మధ్య కూర్చుని మాట కుదర్చడం నా పని.

ఈ ఊళ్లో అలాంటి పని ఒకటి అవసరం కావడమే కాస్త విడ్డూరం. ఇస్రో ప్రధాన కార్యాలయం న్యూ బీఈఎల్ రోడ్డులో ఉంది. పిక్సెల్, శాట్‌ష్యూర్, గెలాక్స్‌ఐ లాంటి ఉపగ్రహ, డేటా కంపెనీలు ఇక్కడివే. ఊరు దాటి హొసకోటె రోడ్డు ఎక్కితే ఫ్యాక్టరీలు, ఆపైన పొలాలు. అయినా ఒకరి భాష ఒకరికి అర్థం కాదు. ఇటువాళ్లు చదరపు కిలోమీటరుకు ఇంత అని ధర చెప్తారు, అటువాళ్లు బాక్సుకు ఇంత అని కొంటారు. పైనుంచి పొలాల్ని చూసి సంగతి చెప్పే ఈ విద్య మన దేశంలో మొదలైన తీరు నాకు తరచూ గుర్తొస్తుంది. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషారోటీ గారు, ఆయన బృందం కేరళలో హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ము మీద కొబ్బరి తోటల ఫోటోలు తీశారు. వేరు తెగులు సోకిన చెట్లు పైనుంచి తెలుస్తాయా లేదా అన్నదే వాళ్ల ప్రశ్న. ఒక పంట, ఒక తెగులు. 1988లో నేలను చూసే మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ పైకి వెళ్లింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఇప్పుడు ఉపగ్రహం ముందు తయారవుతోంది, ప్రశ్న కోసం సేల్స్ వాళ్లు ఊరంతా తిరుగుతున్నారు.

ఫ్యాక్టరీకి కావలసింది ఏమిటి

మీటింగ్ అయిన వారానికి నేనొక్కడినే ఫ్యాక్టరీకి వెళ్లాను. కిలో పేస్టు తీయాలంటే సుమారు ఆరు కిలోల టమాటా ఉడకబెట్టి నీళ్లు ఆవిరి చేయాలి. కాబట్టి మార్కెట్లో రేటు ఒక గీత కిందికి దిగితేనే వాళ్లకు గిట్టుబాటు. ఆ గీత దిగేలోపు కూలీలు, బాయిలరు కట్టెలు, పేస్టు నింపే పెద్ద సంచులు సిద్ధంగా ఉండాలి. సంచులు ఆర్డరు పెట్టిన రోజే రావు, వారాలు పడుతుంది.

2023లో ఏమైందో టమాటా కొన్నవాళ్లకెవరికీ చెప్పనక్కర్లేదు. జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటింది. ఫ్యాక్టరీ గేటు మూసుకుని కూర్చుంది. సెప్టెంబరుకల్లా రేటు నేల మీదికొచ్చింది. అప్పుడు సరుకు బోలెడంత ఉంది, నింపడానికి సంచులు లేవు. ఆ దెబ్బే మేనేజరన్నను ఇందిరానగర్ దాకా రప్పించింది.

నేను అడిగింది ఒకటే. "అన్నా, ఎన్ని వారాల ముందు తెలిస్తే మీరు చేసే పని మారుతుంది?"

"ఆరు వారాలు. నాలుగైనా చాలు. రెండు వారాల ముందైతే నాకే తెలిసిపోతాది."

ఎలా తెలుస్తుందని అడిగితే సొరుగులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశాడు. శ్రీనివాసపుర, ముళబాగిలు, పుంగనూరు చుట్టుపక్కల పదకొండు నర్సరీల పేర్లు, ఎదురుగా వారం వారం అమ్ముడైన ట్రేల లెక్క. ట్రేకు 98 గుంతలు. ఎకరాకు ఆరేడు వేల నారు పడుతుంది, అంటే సుమారు డెబ్బై ట్రేలు. ఫోన్‌లోనే నర్సరీవాళ్లను పలకరించి, ట్రేలను ఎకరాల్లోకి మార్చి, నాటిన అరవై ఐదు, డెబ్బై రోజులకు మొదటి కోత అని లెక్కేసి, వచ్చే తేదీ పక్కన రాసుకుంటాడు. నేను చూసిన పంట అంచనా పద్ధతుల్లో ఇది మంచి వాటిలో ఒకటి. లోపం ఒకటే. నారు నర్సరీ గేటు దాటాక ఎక్కడికి పోయిందో తెలియదు. కొంత తమిళనాడుకు పోతుంది, కొంత అనంతపురం వైపు. కొన్నవాడు నాటాడో, బోరు ఎండిపోయి పడేశాడో పుస్తకానికి ఎక్కదు.

ఆ పుస్తకం చూశాక ఉపగ్రహం చేయాల్సిన పని బాగా చిన్నదైపోయింది. పచ్చటి పొలాల్లో టమాటా ఏదో పైనుంచి కనిపెట్టే భారం దాని మీద పెట్టనక్కర్లేదు. ఏ పంటో నర్సరీ చెప్తుంది. ఏ తాలూకాలో, ఏ వారంలో, ఎంత నేల కొత్తగా పంటకు సిద్ధమైందో ఉపగ్రహం చెప్తే చాలు. మన ఊరి పద్ధతిని పక్కకు నెట్టి దాని స్థానంలోకి వస్తామని వచ్చే డేటా కంపెనీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ పుస్తకంలో ఒక ఖాళీ గడి ఉంది, మేము నింపాల్సింది అదే.

చుక్క ఎంత, పొలం ఎంత

డేటా కంపెనీ మొదట ప్రతిపాదించింది రోజూ బొమ్మలిచ్చే మూడు మీటర్ల వాణిజ్య డేటా, అంటే బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద మూడు మీటర్ల చదరం. బాగుంటుంది, కానీ ఆ ఖర్చు ఈ ఫ్యాక్టరీ భరించేది కాదు. ఉచితంగా దొరికేది ఐరోపా వాళ్ల సెంటినెల్-2. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి అదే చోటును చూస్తాయి. ముఖ్యమైన నాలుగు కాంతి పట్టీల్లో (మూడు కంటికి కనిపించే రంగులు, ఒకటి పరారుణం) చుక్క సైజు పది మీటర్లు. మనవాళ్ల రిసోర్స్‌శాట్ మీదున్న లిస్-4 కెమెరా ఇంకా సన్నంగా, 5.8 మీటర్లతో చూస్తుంది. 5 మీటర్లు, అంతకన్నా ముతక డేటాను ఉచితంగా ఇవ్వాలని 2023 అంతరిక్ష విధానంలో రాశారు కాబట్టి, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) వాళ్ల భూనిధి పోర్టల్లో అదీ దొరుకుతుంది. కానీ వారం వారం లెక్కకు లిస్-4 బొమ్మలు మాకు తరచుగా దొరకలేదు. పొలం గట్లు గీసుకోవడానికి దాన్ని, వారం లెక్కకు సెంటినెల్‌ను వాడదామని తేల్చుకున్నాం.

ఈ చుక్కల గొడవంతా మేనేజరన్నకు చెప్తుంటే మధ్యలో ఆపాడు. "పది బై పది మీటర్లంటే ఎన్ని సెంట్లు?"

లెక్క వేస్తూ నేనే ఆశ్చర్యపోయాను. కర్ణాటకలో ఎకరాకు 40 గుంటలు. గుంట అంటే దాదాపు 101 చదరపు మీటర్లు. చుక్క 100 చదరపు మీటర్లు. చుక్కకో గుంట! మన వైపు సెంట్లలో చెప్తే రెండున్నర. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. "ఈ ముక్క ఆ పొద్దే చెప్పింటే సరిపోయేది కదప్పా" అన్నాడాయన. ఆ రోజు నుంచి మా రిపోర్టుల్లో హెక్టార్లు లేవు.

గుంటల్లో ఆలోచిస్తే చిక్కు కూడా సులువుగా కనిపిస్తుంది. అర ఎకరం మడి అంటే ఇరవై చుక్కలు. మడి సుమారు 45 మీటర్ల చదరం అనుకుంటే, అంచున పడ్డ చుక్కల్లో సగం మనది, సగం పక్కవాడి మల్బరీ. వాటిని తీసేస్తే మధ్యలో నికరంగా మిగిలేవి తొమ్మిదో, పన్నెండో. కోలారు వైపు అర ఎకరం మడులే ఎక్కువ. ఆ తొమ్మిది చుక్కల మీద నిలబడి ఏం చెప్పగలమో అదే చెప్పాలి.

గట్టు మీద నిలబడ్డ కుర్రాళ్లు

నేల మీద నిజం తెలియకుండా మోడల్ ఉండదు. శ్రీనివాసపుర నుంచి ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లను పెట్టుకున్నాం. బైకు, ఫోను, చిన్న యాప్. పొలం మధ్యలో నిలబడి బటన్ నొక్కి, పంట పేరు, నాటిన తేదీ రాయాలి. మూడు వారాల్లో నూట నలభై మడులు తిరిగారు. అటు కన్నడ, ఇటు తెలుగు అనే ఇబ్బంది లేదు. ఆ పల్లెల్లో సగం ఇళ్లలో తెలుగే.

డేటా కంపెనీ దాంతో మోడల్ తయారు చేసి పంపింది. ఫలితం చూస్తే శిడ్లఘట్ట వైపు వందల ఎకరాల టమాటా! అది పట్టు రైతుల ప్రాంతం, అదంతా మల్బరీ. అల్గోరిథం బాలేదని నేను, మీ డేటా బాలేదని వాళ్లు, రెండు రోజులు మాటలు నడిచాయి. చివరికి కుర్రాళ్లతో కలిసి నేనే బైకు ఎక్కాను.

మొదటి పొలంలోనే సంగతి బయటపడింది. టమాటా మడి అంతా వెండి రంగు మల్చింగ్ షీటు, అంటే తేమ నిలవడానికి, కలుపు రాకుండా వేసే ప్లాస్టిక్, పరిచి ఉంది. షీటు చిరుగుతుందని, తడి బోదెల్లో కాలు పెట్టొద్దని రైతు లోపలికి రానివ్వడం లేదు. కుర్రాళ్లు మర్యాదగా గట్టు మీద నిలబడి బటన్ నొక్కుతున్నారు. ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అలా టమాటా అని రాసుకున్న పాయింట్లలో చాలా భాగం పక్క మల్బరీ తోటలో పడ్డాయి. మోడల్ మనం నేర్పిందే నేర్చుకుంది. ఆ తర్వాత గట్టు మీదే నిలబడి, ఫోన్‌లో బొమ్మ మీద వేలితో మడి చుట్టూ గీత గీయమన్నాం. మూడు వారాల పని మళ్లీ చేశాం.

ఆ పొలంలో నిలబడ్డప్పుడే ఇంకో మేలు జరిగింది. మధ్యాహ్నం ఎండలో షీటు కళ్లు మూసుకునేంతగా మెరుస్తోంది. నా కళ్లకే ఇంత మెరిస్తే పైవాడికి మెరవదా? వెళ్లి పాత బొమ్మలు తీసి చూశాం. నారు నాటడానికి ముందు షీటు పరిచిన వారమే ఆ మడి తెల్లగా వెలిగింది. తర్వాత నలభై రోజుల్లో మొక్కలు కమ్ముకుని ఆ తెలుపు మెల్లగా పచ్చబడింది. కోలారులో తెల్లగా మెరిసేవి ఇంకా చాలా ఉన్నాయి. గ్రానైట్ క్వారీలు, రేకుల షెడ్లు, పాలీహౌస్‌లు. కానీ క్వారీ ఎప్పటికీ పచ్చబడదు. తెల్లగా మెరిసి, ఆపైన పచ్చబడే చోటు మాకు కావాలి. పచ్చదనం కోసం ఎదురు చూస్తే పోయే మూడు, నాలుగు వారాలు షీటు వల్ల చేతికొచ్చాయి. మేనేజరన్న అడిగిన ఆరు వారాలు అక్కడ దొరికాయి.

షీటుతో ఒక మెలిక ఉంది. టమాటా అయిపోయాక అదే షీటు, అవే కట్టెల మీద బీన్సో, కాకరో పెడతారు. మట్టి, దుమ్ము పట్టిన పాత షీటు అంతగా మెరవదు కాబట్టి చాలావరకు విడిపోతుంది. కొత్త షీటు మీద క్యాప్సికం, పుచ్చకాయ కూడా వేస్తారు. అక్కడే నర్సరీ పుస్తకం పనికొస్తుంది. ఆ తాలూకాలో ఆ వారం అమ్మిన నారులో టమాటా వాటా ఎంతో చూసి, కొత్త షీటు గుంటలను ఆ వాటా ప్రకారం విడగొట్టాం. శాస్త్రంగా చూస్తే మోటు పద్ధతే. నాకైతే నచ్చింది, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగినా ఎక్కడ జరిగిందో చెప్పగలం.

జూన్‌లో తిన్న దెబ్బ

మార్చి నుంచి ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదిలోపు వాట్సాప్‌లో ఒక పేజీ. పోర్టల్ లేదు, లాగిన్ లేదు. డేటా కంపెనీ అందమైన డ్యాష్‌బోర్డు కట్టింది, పాపం. నెలలో ఫ్యాక్టరీ నుంచి దాన్ని తెరిచింది రెండుసార్లు, ఆ రెండుసార్లూ తెరిచింది నేనే.

ఏప్రిల్‌లో షీటు బాగా పరిచారు. జూన్ మూడో వారానికి సరుకు పెరుగుతుందని రాశాం. మేనేజరన్న సంచులు తెప్పించాడు, కూలీలకు అడ్వాన్సులిచ్చాడు. జూన్‌లో రేటు దిగాల్సింది పోయి ఎక్కింది. ఆ సోమవారం ఫోన్ మోగితే ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఆయన అరవలేదు. "షీట్లు లెక్కబెట్టినారు, కాయలు ఎవరు లెక్కబెట్టాలప్పా?" అన్నాడు. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది.

పొలాలకు వెళ్లి చూస్తే సంగతి మామూలే. ఎండలకు పూత రాలింది. తెల్లదోమ వల్ల ఆకుముడత వైరస్ సోకి మొక్కలు ముడుచుకుపోయాయి. కొంతమంది పీకేశారు, కొంతమంది అలా వదిలేశారు. విస్తీర్ణం లెక్క సరిగ్గానే ఉంది, దిగుబడి లేదు. నాకు నిజంగా బాధ కలిగించింది వేరే విషయం. వెనక్కి వెళ్లి ఆ మడుల పచ్చదనం గీతలు గీసి చూస్తే, మే నెలలోనే చాలా చోట్ల గీత పైకి లేవకుండా బల్లపరుపుగా ఉండిపోయింది. ముడుచుకున్న మొక్క నేలను కమ్మదు కదా. సమాచారం మా దగ్గరే ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు, మేమూ చూడలేదు. అప్పటి నుంచి నాటిన నలభై ఐదో రోజున ప్రతి మడినీ చుట్టుపక్కల మడులతో పోల్చి, వెనకబడ్డవాటిని "అనుమానం" అనే వేరే గడిలో వేస్తున్నాం.

జూలైలో మబ్బులు. ఆ నెలలో ఆరుసార్లు ఉపగ్రహం మా మీదుగా పోతే, ఒకే ఒక బొమ్మ సగం పనికొచ్చింది. మబ్బుల్లోంచి చూసే రాడార్ ఉంది కదా అని ఎవరైనా అంటారు. ఐరోపా వాళ్ల రాడార్ ఉపగ్రహాలు సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబరులో పాడైపోయింది, అప్పట్లో మిగిలినదాని నుంచి 12 రోజులకో బొమ్మే వచ్చేది. పైగా రాడార్ బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలుంటాయి. వాటిని సర్దాలంటే చుట్టుపక్కల చుక్కలన్నీ కలిపి సగటు తీయాలి. అర ఎకరం మడి ఆ సగటులో మాయమైపోతుంది. కాబట్టి ఆ నెల రెండు సోమవారాలు పేజీ మీద ఒకే వాక్యం పంపాం: "ఈ వారం మబ్బు, పోయిన వారం లెక్కే." డేటా కంపెనీ వాళ్లకు అలా పంపడం నామోషీగా అనిపించింది, ఏదో ఒక అంకె వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. జూన్ దెబ్బ తర్వాత మా మీద మిగిలిన కాస్త నమ్మకం ఆ వాక్యం వల్లే నిలిచిందని ఇప్పటికీ అనుకుంటాను. ఆగస్టులో రేటు దిగేటప్పటికి ఫ్యాక్టరీ సిద్ధంగా ఉంది. జూన్‌లో మిగిలిపోయిన సంచులే అప్పుడు పనికొచ్చాయి. అదృష్టమే అనండి, పర్వాలేదు.

ఒప్పందం గురించి రెండు ముక్కలు. ఉచిత పైలట్‌కు నేను మొదటి నుంచీ ఒప్పుకోను. డబ్బు కట్టని ఫ్యాక్టరీ సోమవారం పేజీ చదవదు. ధర చదరపు కిలోమీటర్ల లెక్కన కాకుండా నెలకు ఇంత అని, ఫ్యాక్టరీ ఒకరోజు ఊరికే నిలబడితే పోయే డబ్బుకంటే తక్కువ ఉండేలా పెట్టించాను. మబ్బు వారాలకు ఫీజు సగం. ఈ షరతు మీద డేటా కంపెనీ నెల రోజులు కిందామీదా పడింది, వర్షాకాలం మా చేతుల్లో ఉందా అని. టమాటా రేటు మేనేజరన్న చేతుల్లో ఉందా అని నేను.

మిగిలిపోయిన చిక్కు

పొలాల్లో తిరిగినప్పుడు ఒక రైతు నన్ను నిలదీశాడు. "మేం ఎంతేసినామో ఫ్యాక్టరీవాళ్లకు ముందే తెలిస్తే రేటు కొట్టేస్తారు గదా సామీ?" నా దగ్గర నికార్సయిన జవాబు లేదు. రైతుల పేర్లు, సర్వే నంబర్లు రిపోర్టులో వేయం, కర్ణాటకలో హోబళి (కొన్ని ఊళ్ల గుంపు), ఇటు మండలం స్థాయిలోనే ఇస్తాం అని చెప్పాను. ఆయన అడిగింది పేర్ల గురించి కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

సెప్టెంబరులో అదే రైతు ఫోన్ చేశాడు. "ఈ వారం మా పక్క ఎంతమంది షీటు పరిచినారో చెప్పన్నా. నేను వేయాలా వద్దా చూసుకుంటా." ఈ సమాచారం నిజంగా ఎవరికి ఎక్కువ అవసరమో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అందరూ ఒకేసారి వేసి, అందరూ ఒకేసారి పారబోసే పంట ఇది. కానీ రిపోర్టు రహస్యమని నేనే రాయించిన నిబంధన అడ్డం. చెప్పలేనన్నాను.

ఒప్పందం మళ్లీ రాసుకునేటప్పుడు, పది రోజులు దాటిన మండలాల లెక్కను రైతులకు ఇద్దామని పెట్టాను. డేటా కంపెనీ సరేనంది. ఫ్యాక్టరీ యజమానులు చూద్దామన్నారు. మేనేజరన్న మాత్రం, "ఇస్తేనే మేలప్పా. అందరూ ఒకేసారి వేయకపోతే నాకూ నాలుగు నెలలు సరుకుంటాది" అన్నాడు, యజమానులు గది దాటి వెళ్లాక. ఆ నిబంధన ఇంకా లాయరు దగ్గరే ఉంది.

ఆ రైతు ఎవరి కోసమూ ఆగలేదు. అర ఎకరం టమాటా, అర ఎకరం బీన్స్ వేసుకున్నాడు. బీన్స్ పెట్టింది పాత షీటు మీద. మా మ్యాపులో ఆయన పొలం ఇప్పుడు ఇరవై గుంటలు టమాటా, ఇరవై గుంటలు "తెలియదు".